తొమ్మిదో ఆల్బమ్‌కి నాలుగో సంతకం

ఆల్బమ్ ఉన్న డిస్కు చేతిసంచిలో ఉంది. చేతిసంచి గరుకక్క ఒళ్ళో ఉంది. గరుకక్క వంటగది బల్ల దగ్గర, తలుపుకి ఎదురుగా, మేకు కొట్టినట్టు కూర్చుంది.

"అక్కా, ఆ సంచి ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"పన్నెండింటికల్లా ఫ్యాక్టరీలో ఉండాలి. తెలుసుగా?"

"గడియారం నా ఎదురుగానే ఉంది."

తమ్ముడు కూడా గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై. నిన్న సాయంత్రం మొదలైన గొడవ, నిద్రపోయినంతసేపూ ఊరుకుని, పొద్దున్నే కాఫీతోపాటు మళ్ళీ పొంగింది. అతను బడికి సెలవు పెట్టి వచ్చాడు. లెక్కల మాస్టారు సెలవు పెడితే పిల్లలు పండగ చేసుకుంటారు. ఇక్కడ మాత్రం అతని మొహం పరీక్ష రాసేవాడి మొహంలా ఉంది.

సంచిలో డిస్కుతోపాటు ఒక కాగితం కూడా ఉంది. రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ వాళ్ళకి ఆ కాగితం మీద బ్యాండులో నలుగురి సంతకాలూ కావాలి. మూడు పడ్డాయి. పళ్ళ డాక్టరు, అంటే బాస్ గిటార్ వాయించే ఆయన, మొన్ననే పెట్టాడు. తమ్ముడు పెట్టాడు. గరుకక్క మొగుడు, అంటే డ్రమ్ములు వాయించే ఆయన, ఎప్పటిలాగే వినకుండానే పెట్టేశాడు. "వాయించినప్పుడు విన్నాగా, మళ్ళీ వినడమెందుకు?" అంటాడాయన ప్రతిసారీ. నాలుగో సంతకం గరుకక్కది. అది పడలేదు.

ఆ పేరు ఆమెకి ఇంట్లో పెట్టింది కాదు. ముప్పై ఒక్క ఏళ్ళ క్రితం ఒక పత్రికాయన ఆమె పాట విని, "గరుకు కాగితంతో తలుపు రుద్దినట్టుంది" అని రాశాడు. తిట్టాననుకున్నాడు పాపం. ఆమె ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది. అప్పట్నుంచి పాట వినేవాళ్ళకీ, పోస్టాఫీసులో ఆమె పక్కన కూర్చుని ఉత్తరాలు వేరుచేసేవాళ్ళకీ, ఆఖరికి కూరగాయల కొట్టువాడికీ ఆమె గరుకక్కే.

"మళ్ళీ ఒకసారి చెప్పు," అంది కూతురితో. "ఎన్ని?"

కూతురు స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. పాలు ఎప్పుడో కాగిపోయాయి, అయినా వాటినే చూస్తోంది. ఆల్బమ్ రికార్డు చేసిందీ, మిక్సింగ్ చేసిందీ ఆ పిల్లే. పిల్ల అంటే ఇరవై ఏడేళ్ళు.

"నాలుగొందల పన్నెండమ్మా."

"నాలుగొందల పన్నెండు దెబ్బలు! మీ నాన్న కొట్టిన దెబ్బల్ని, మీ నాన్నకి తెలియకుండా, ఉన్నచోటు నుంచి జరిపేశావు. లెక్క కూడా పెట్టుకున్నావు."

"లెక్క కంప్యూటరే పెడుతుంది. ఒక్కో దెబ్బా ఒక్కో గీతలా కనిపిస్తుంది. ఆలస్యంగా పడినవాటిని పట్టుకుని కాస్త ముందుకి లాగడమే. రేణువంత."

"రేణువంతైతే లాగడం దేనికే?"

కూతురు మామయ్య వైపు చూసింది. మామయ్య నేల వైపు చూశాడు. నేలకి అవకాశం ఉంటే అది కూడా ఇంకెవరి వైపో చూసేది.

"దాన్నేమీ అనకు. చెయ్యమన్నది నేను," అన్నాడు తమ్ముడు. "బావ చెయ్యి వణుకుతోందక్కా. నీకు కనబడట్లేదా? టీ కప్పు పట్టుకుంటే సాసరు నిండుతోంది. 'చెయ్యి మొరాయిస్తోంది బావమరిదీ' అని ఆయనే అన్నాడు నాతో. పదకొండు పాటల్లో పదింటిలో దెబ్బ వెనకబడింది. రేపు నలుగురూ విని ఏమంటారు? పంక్ పాటలవాళ్ళు ముసలైపోయారు, తాళం కూడా పట్టలేకపోతున్నారు అంటారు. బావ పరువు కాపాడదామని చేశాను."

"ఆయన పరువు కాపాడ్డానికి పెళ్ళాన్ని నేను చచ్చానా?"

"అక్కా!"

"ముప్పై ఒక్క ఏళ్ళు మనం ఏం చెప్పుకుని బతికాంరా? మొదటి ఆల్బమ్ అట్ట వెనకాల ఏముందో చదువు. గోడ మీద వేలాడుతూనే ఉంది."

అతను చదవలేదు. చదవక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో, వంకర అక్షరాలతో, అతనే రాశాడు. "ఒకే గది, ఒకే సారి. తప్పు దొర్లితే దొర్లనీ. అబద్ధం దొర్లకూడదు."

"అది పంతొమ్మిదేళ్ళ కుర్రాడి మాట."

"నాకు వాడే నచ్చేవాడు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. తమ్ముడు కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. జుట్టు పలచబడిన నడినెత్తి మీద చేత్తో రాసుకున్నాడు. గరుకక్కకి జాలేసింది, కానీ సంచి మీద చెయ్యి తియ్యలేదు.

"నీకు పట్టింపు లేదేమో గానీ నాకుంది," అన్నాడతను. "ఎనిమిది ఆల్బమ్‌లు చేశాం. ఎవడు కలిసినా మొదటిదాని గురించే మాట్లాడతాడు. ఆ తర్వాత మనం పడుకున్నామా ముప్పై ఒక్క ఏళ్ళు? ఈ తొమ్మిదోది బాగా వచ్చిందక్కా. మొదటిదాని పక్కన నిలబెట్టదగ్గది ఇదొక్కటే. అలాంటిదాన్ని వేలెత్తి చూపించడానికి ఎవడికీ సందు ఇవ్వకూడదనుకున్నాను. అదీ నా తప్పు."

ఇది మాత్రం ఆమె కాదనలేకపోయింది. బాగా వచ్చిందని ఆమెకీ తెలుసు. ఆల్బమ్‌కి 'ఇంకా ఉన్నాం' అని పేరు పెట్టినప్పుడు నలుగురూ నవ్వుకున్నారు. రికార్డింగ్ అయ్యేసరికి ఎవరూ నవ్వలేదు. పేరు సరిపోయింది.

ఫోను మోగింది. పళ్ళ డాక్టరు. కూతురు స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"తేలిందా?" అన్నాడాయన.

"లేదు. నువ్వేమంటావు?" అంది గరుకక్క.

"మీ అక్కాతమ్ముళ్ళ మధ్యకి వచ్చినవాడు ఎప్పుడైనా బాగుపడ్డాడా? మీరేది అంటే అదే. ఇక్కడ పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు." ఫోను పెట్టేశాడు.

వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. ముగ్గురూ నోళ్ళు మూసుకున్నారు.

బస్సు డిపోలో తెల్లారుజాము డ్యూటీ దిగి వచ్చాడు గరుకక్క మొగుడు, మెకానిక్. ఊరి బస్సుల్లో సగం ఆయన చేతిమీదుగా బాగుపడినవే. తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళి, సబ్బుపొడి చేతుల్లో పోసుకుని మోచేతుల దాకా రుద్దుకున్నాడు. నల్లటి నురగ కారిపోయింది. తువ్వాలు కోసం చెయ్యి చాపితే కూతురు అందించింది. చేతులు తుడుచుకుంటూ ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు.

"ఎవరు పోయారు?" అన్నాడు.

తమ్ముడు మళ్ళీ నేల వైపు చూశాడు.

"అయితే నా గురించే," అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "చెప్పండి."

చెప్పింది కూతురే. దాచకుండా, ఏడవకుండా, నాలుగొందల పన్నెండు దాకా చెప్పింది. చివర్లో మాత్రం "సారీ నాన్నా" అంది. ఆయన కోప్పడతాడని తమ్ముడు ఎదురుచూశాడు. కోప్పడాలని గరుకక్క కోరుకుంది. మొగుడి తరఫున నిన్నటి నుంచి ఒంటరిగా పోట్లాడుతున్న మనిషికి ఆ మాత్రం ఆశ ఉండటం తప్పు కాదు.

"వినిపించు," అన్నాడాయన.

ముందుగదిలోకి వెళ్ళారు. అది పేరుకే ముందుగది. గోడకి దుప్పట్లు, నేల మీద తీగలు, మూల డ్రమ్ములు, వాటి మధ్య ఒక సోఫా. తొమ్మిదో ఆల్బమ్ ఇక్కడే పుట్టింది. కూతురు కంప్యూటర్ తెరిచింది. ఆల్బమ్ పేరుతో ఉన్న పాటే పెట్టింది, సరిచేసినది.

మెకానిక్ కళ్ళు మూసుకుని విన్నాడు. వేళ్ళు మోకాలి మీద కదిలాయి, ఒకచోట ఆగాయి, మళ్ళీ కదిలాయి. పాట అయిపోయింది.

"డ్రమ్ములు బాగున్నాయి," అన్నాడు. "కొత్త ఇంజనులా ఉన్నాయి."

"చూశావా!" అన్నాడు తమ్ముడు ప్రాణం లేచొచ్చి.

"కానీ ఆవిడని వదిలేసి వెళ్ళిపోయాయి."

గరుకక్కకి కూడా అది ఇప్పుడే వినపడింది. నిన్న కోపంలో డ్రమ్ములనే వింది, ఇంకేమీ పట్టించుకోలేదు. ఇవాళ తన గొంతు వింది. కదిలిపోయిన బస్సు వెనకాల సంచీతో పరిగెత్తే ఆడమనిషిలా, పాటలో ప్రతి పాదం చివరా ఆయాసపడుతూ, తన గొంతే. అది బాగాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో తన గొంతు గురించి ఆమె ఎప్పుడూ అలా అనుకోలేదు.

ఆమె నెమ్మదిగా అడిగింది.

"పాట లేని ట్రాక్ ఒకటుందే. నేను దగ్గు ఆపుకోలేక బయటికి వెళ్తే, వీళ్ళు ముగ్గురూ ఊరుకోలేక వాయించారు. ఎనిమిదోది. అందులో ఎన్ని జరిపావు?"

కూతురు తెర మీద వెతికింది. వెతుకుతూనే ఆ పిల్ల మొహం మారిపోయింది.

"ఒక్కటీ లేదమ్మా."

"ఎందుకని?"

"అవసరం రాలేదు. అన్నీ సరిగ్గా తాళంలోనే ఉన్నాయి."

తమ్ముడు లేచి తెర దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఎనిమిదో ట్రాక్ గీతలు మొదటి నుంచి చివరి దాకా చూశాడు. లెక్కల మాస్టారు కదా, జవాబు తెలిశాక కూడా లెక్క సరిచూసుకోకుండా ఉండలేడు.

గరుకక్క మొగుడి వైపు తిరిగింది.

"నీ చెయ్యి వణుకుతోందన్నావు."

"వణుకుతుంది."

"ఎప్పుడు?"

"టీ తాగేటప్పుడు."

"డ్రమ్ముల మీద?"

ఆయన తువ్వాలు మడతపెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

ఈ బ్యాండులో ఒక పద్ధతి ఉంది. మిగతావాళ్ళు డ్రమ్ము పుల్లలు తాటించి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి పాట మొదలుపెడతారు. వీళ్ళు పెట్టరు. మొదటి కచేరీలో పుల్ల విరిగిపోయి, లెక్కపెట్టడానికి ఏమీ లేక, మెకానిక్ ఆమె వీపు చూసి వాయించాడు. పాడబోయే ముందు ఆమె గాలి పీల్చుకుంటే భుజాలు లేస్తాయి. లేచిన భుజం దిగినప్పుడు దెబ్బ. ఆ రోజు గట్టెక్కారు కాబట్టి అదే పద్ధతైంది. తమ్ముడూ డాక్టరూ జనం వైపు చూస్తూ గెంతుతారు. ఆమె భుజాలు చూసేది వెనక కూర్చునే మనిషి ఒక్కడే.

"నా కోసం ఆగుతున్నావు," అంది గరుకక్క.

ఆయన తువ్వాలు మళ్ళీ విప్పాడు.

"నేను ఊపిరి తీసుకునేదాకా ఆగుతున్నావు. నెపం చెయ్యి మీద పెట్టి తప్పించుకుంటున్నావు. ఎప్పట్నుంచి?"

"నిమ్ము చేసి ఆస్పత్రిలో పడి లేచావు చూడు. అప్పట్నుంచి."

"రెండేళ్ళు!"

"అంతే ఉంటుంది."

"రెండేళ్ళ నుంచి నన్ను చంకనెత్తుకుని మోస్తున్నావు. నాకు చెప్పాలని అనిపించలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"పాడ్డం మానేసేదాన్ని!"

"అందుకే చెప్పలేదు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారి మాట మీద ఆయన్ని 'మీరు' అని పిలిచింది, సరిగ్గా మూడు రోజులు. ఇప్పుడు నోటికొచ్చిన పిలుపులన్నీ పిలిచింది. దొంగ అంది. ముచ్చు అంది. మౌనంగా ఉండేవాళ్ళని నమ్మకూడదని మా అమ్మ ముందే చెప్పిందంది. ఆయన అన్నీ విన్నాడు. ఊపిరి కోసం ఆమె ఆగినప్పుడు మాత్రం మాట్లాడాడు.

"ముప్పై ఏళ్ళు నువ్వు పరిగెత్తావు, నీతో నేనూ పరిగెత్తాను. ఇప్పుడు నువ్వు నడుస్తున్నావు, నేనూ నడుస్తున్నాను. దీన్ని మొయ్యడం అంటారా ఎవరైనా?"

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

పదిన్నర దాటింది.

"అమ్మా," అంది కూతురు జంకుతూ. "కావాలంటే నీ గొంతు కూడా జరుపుతాను. నాన్న దెబ్బల్ని ఇలాగే ఉంచి, నీ పాదాల్ని వాటి మీదకి లాగితే చాలు. గంటలో అయిపోతుంది. ఊపిరి చప్పుడు కూడా తీసేస్తాను. ఎవరికీ తెలీదు."

నిజం చెప్పాలంటే ఆమెకి ఆశ పుట్టింది. నిన్నటి నుంచి తప్పు దొర్లితే దొర్లనీ అని బల్ల గుద్ది పోట్లాడింది. అది మొగుడి తప్పనుకున్నంతసేపూ ధైర్యానికి లోటు రాలేదు. ఎదుటివాళ్ళ తప్పుని ఊరేగించడం ఎంత సులువో! తన ఆయాసాన్ని, తన ముసలితనాన్ని, వేలమంది ఇళ్ళలో వినపడేలా రికార్డు మీద గీయించాలంటే చెయ్యి ముందుకి రావట్లేదు. గరుకు కాగితం అనిపించుకుంది. అరిగిపోయిన కాగితం అనిపించుకోవడం వేరు.

తమ్ముడు ఇటు తిరిగాడు. పొడవడానికి ఇంతకంటే మంచి సమయం అతనికి దొరకదు. పొడిచాడు కూడా.

"ఇప్పుడు చెప్పక్కా. అట్ట వెనకాల ఏం రాసుందో."

మెకానిక్ కోపంగా "ఒరేయ్" అన్నాడు.

"వాణ్ణేమీ అనకు. వాడడిగింది న్యాయమే," అంది గరుకక్క. కూతురి వైపు చూసింది. "అసలుది పెట్టు. వాయించింది వాయించినట్టు."

కూతురు పెట్టింది.

మొదట తన తప్పులే వినపడ్డాయి. రెండో పాదం చివర గాలి అందలేదు, అందరికీ తెలిసిపోయేంతగా పీల్చింది. ఆ పీల్చిన చోట డ్రమ్ము ఆగింది. కనురెప్పపాటు. ఆమె మాట పట్టుకోగానే పడింది. ఆ రేణువంత ఖాళీలో ఏముందో ఆమెకి ఇన్నాళ్ళూ తెలియలేదు. మనిషి కోసం మనిషి ఆగిన చప్పుడు ఉంది. మూడో పాదానికి వచ్చేసరికి తన తప్పులు వెతకడం మానేసింది.

మొదటి ఆల్బమ్ 'గోడ దూకు'. పద్నాలుగు పాటలు, ఇరవై రెండు నిమిషాలు, ఒక్క మధ్యాహ్నం. దాన్ని జనం నెత్తిన పెట్టుకున్నారు, తప్పులేదు. కానీ అందులో నలుగురు పిల్లలు ఒకే గదిలో ఎవరికివాళ్ళు అరుస్తున్నారు. ఎవడు ముందు పాట చివరికి చేరతాడా అని పందెం. ఒకడి మాట ఒకడు వినలేదు. వినే తీరికా లేదు, అవసరమూ లేదు. రెండోదీ అంతే, కాస్త పెద్ద గదిలో. నాలుగోది 'మబ్బులు'. అందులో కీబోర్డు పెట్టారు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాతవి మొదటిదాన్నే మళ్ళీ చెయ్యాలని చేసినవి, ఒక్కొక్కటీ కాస్త చిన్నగా, కాస్త అలసటగా. ఒకరినొకరు వినడానికి వీళ్ళకి ముప్పై ఏళ్ళు పట్టింది. ఆ వినడం ఈ పాటలో ఉంది. తమ్ముడి గిటార్ కూడా ఒకచోట తగ్గి ఆమెకి దారిచ్చింది. వాడికే తెలియకుండా వాడు కూడా ఆగాడు.

పాట అయిపోయింది. గరుకక్కకి ఏడుపు రాలేదు. ఛాతీ నిండా గర్వం వచ్చింది. ఈ నలుగురూ ఇంతకంటే గొప్ప పని ఎప్పుడూ చెయ్యలేదు. అందులో తన ఆయాసం కూడా ఉంది. ఉండనీ.

"నేను ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు," అంది పైకి.

"నేను చెప్తే నమ్మేదానివా?" అన్నాడు మెకానిక్.

ఆమె సంచి తెరిచింది. కాగితం తీసి, డ్రమ్ము మీద పరిచి, సంతకం పెట్టింది. డిస్కు కూతురి చేతికిచ్చింది.

"ఇందులో ఉన్నవి తీసేసి వాయించినవి పెట్టు. పెట్టాక నాకు వినిపించు. ఆ తర్వాత మీ మామయ్య స్కూటర్ మీద ఫ్యాక్టరీకి తీసుకెళ్తాడు."

"తీసుకెళ్తాను," అన్నాడు తమ్ముడు. కాగితం అందుకుని నాలుగు సంతకాలూ చూశాడు. "నవ్వేవాళ్ళు నవ్వుతారక్కా."

"నవ్వనీరా. నవ్వడానికి కూడా ఊపిరి కావాలి."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. లెక్కల బుర్ర ఇంకో మెట్టు ముందుకి వెళ్ళింది.

"అక్కా, మరి వచ్చే నెల కచేరీ? 'గోడ దూకు' మొత్తం పాడతామని పోస్టర్లేశాం. పద్నాలుగు పాటలూ ఆపకుండా. ఆ వేగంలో బావ నీ కోసం ఎక్కడని ఆగుతాడు?"

ఆ పాటల్లో ఆగడానికి చోటు లేదని అందరికీ తెలుసు.

"దాని సంగతి నేను చూసుకున్నాలే," అన్నాడు మెకానిక్, తువ్వాలు వంక చూస్తూ.

"ఏం చూసుకున్నావు?" అంది గరుకక్క.

సోఫా మీద పడేసిన ఆయన ఫోను మోగింది. నిదానానికి పేరుపడ్డ మనిషి చెంగున లేచాడు. అలా లేచాడు కాబట్టే ఆమెకి అనుమానం వచ్చింది. ఫోను ముందు ఆమెకే దొరికింది.

"నమస్కారమండీ," అంది అవతల ఒకావిడ. "పాటల పేజీ రాసేదాన్ని. నిన్న మీరు చెప్పింది రేపు వేస్తున్నాం. ఒక్కసారి సరిచూసుకుందామని చేశాను. చెయ్యి సహకరించక ఈ ఆల్బమ్‌తో డ్రమ్ములు మానేస్తున్నారు, ఆ కారణంగా వచ్చే నెల కచేరీ జరగదు. అంతే కదండీ?"

గరుకక్క ఫోను చెవి దగ్గర పెట్టుకునే మొగుడి వైపు చూసింది. నలభై కచేరీలు చేసినా నాలుగొందలు చేసినా ఫొటోలో ఎప్పుడూ తన వెనక సగం మొహమే కనిపించే మనిషి. జీవితంలో మొదటిసారి పత్రికవాళ్ళకి తనంతట తాను ఫోను చేశాడు. అదీ తన చెయ్యి పనికిరాదని చెప్పుకోవడానికి. ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. బతిమాలుతున్నట్టుగా ఊపాడు.

"అంతే కదండీ?" అంది ఆవిడ మళ్ళీ.

"కాదండీ," అంది గరుకక్క.

"మీరెవరు?"

"గొంతు విన్నాక కూడా తెలీలేదా?"

అవతల కాగితాలు గబగబా తిప్పిన శబ్దం.

"రాసుకోండి," అంది గరుకక్క. "మా డ్రమ్ముల ఆయన చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. ఆయన మానెయ్యట్లేదు. ఊపిరి తగ్గింది నాకు. నిమ్ము చేసి లేచినప్పట్నుంచి పాదం చివర గాలి అందట్లేదు. కొత్త ఆల్బమ్‌లో అది వినిపిస్తుంది. తియ్యమని నేను చెప్పలేదు. వింటే మీకే తెలుస్తుంది ఎందుకు తియ్యలేదో. నా పేరుతోనే వెయ్యండి."

మెకానిక్ డ్రమ్ముల పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూర్చుండిపోయాడు. రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నాడు. కూతురు వెళ్ళి పక్కన కూర్చుంది.

"వేస్తామండీ, అలాగే వేస్తాం," అంది ఆవిడ. గొంతు కాస్త మారింది. "అయితే కచేరీ ఉన్నట్టా, లేనట్టా?"

తమ్ముడు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. తర్వాత చెప్తామను అని పెదాలతోనే అన్నాడు.

"ఉంది," అంది గరుకక్క. "పోస్టర్ల మీద ఉన్న పాటలు మాత్రం ఉండవు. ఇరవై రెండు నిమిషాలు కాదు, నలభై ఒక్క నిమిషాలు పాడతాం. 'ఇంకా ఉన్నాం', మొదటి పాట నుంచి చివరి పాట దాకా."

"అక్కా!" తమ్ముడు అరిచినంత పని చేశాడు. "హాలంతా నిండిపోయింది! వాళ్ళందరూ మొదటి ఆల్బమ్ కోసం వస్తున్నారు! మధ్యలోనే లేచి వెళ్ళిపోతారు, ఒక్కడూ కూర్చోడు!"

"తెలుసు," అంది ఆమె.

ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ మాట కూడా అవతలావిడ రాసుకుంటూనే ఉంది.